మరక కూడా నిజమే చెప్పాలి



ఈ వారం ఒక చిన్న వస్తువు గురించి ఆలోచిద్దాం. దాని పొడవు 12 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అరచేతిలో పెట్టుకుంటే వేళ్ల మీదికి వస్తుంది. అది బొగ్గు మోసే గూడ్సు వ్యాగన్ నమూనా. మన రైల్వేలో బాక్స్‌ఎన్ అని పిలిచే పైకప్పు లేని ఆ వ్యాగన్ అసలు పొడవు, కప్లింగు నుంచి కప్లింగు దాకా, 10.7 మీటర్లు. దాన్ని 87 వంతులు చేసి ఒక వంతు తీసుకుంటే ఈ నమూనా వస్తుంది. ప్రపంచంలో రైలు నమూనాలు చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది ఈ కొలతే. హెచ్‌ఓ స్కేలు అంటారు.

డబ్బాలోంచి తీసినప్పుడు నమూనా నిగనిగలాడుతూ ఉంటుంది. పట్టాల మీద తిరిగే వ్యాగన్ అలా ఉండదు. అందుకని ఓపిక ఉన్నవాళ్లు సన్నని కుంచెతో దానిమీద తుప్పు, మసి, దుమ్ము, వాన చారలు తెప్పిస్తారు. ఈ పనిని వెదరింగ్ అంటారు. ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నిలబడిన వస్తువు ఎలా ఉంటుందో అలా చూపించడమే ఈ పని. వ్యాగన్లకే కాదు, స్టేషన్, గూడ్సు షెడ్డు, క్యాబిన్, వంతెన నమూనాలకూ ఇదే పద్ధతి.

పెద్దవాళ్లకు ఈ బొమ్మల పనేమిటి, దాని గురించి పల్లెటూరి పాస్టరు రాయడమేమిటి అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇది. మా పల్లెల నుంచి సికింద్రాబాద్ వెళ్లి రైల్వేలో ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, గూడ్సు షెడ్లలో హమాలీలుగా బతికినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఇప్పుడు ముసలివాళ్లై మన అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల మనవళ్లలో కొందరు ఈ నమూనాల మీద మనసు పడ్డారు. తాత తోసిన వ్యాగన్‌కు మనవడు రంగు వేస్తున్నాడు. ఆ రంగు నిజం చెబుతుందా లేదా అన్నది మాకు చిన్న విషయంగా కనిపించలేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నమూనా మీద వేసే ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. ఈ తుప్పు ఇక్కడ ఎందుకు పట్టింది, ఈ దుమ్ము ఏ సరుకుది అని అడిగితే చెప్పగలగాలి. చెప్పలేని మరక వేయకపోవడమే మేలు. దీన్ని మూడు మాటలుగా చెబుతాం: మోసిన బరువు, తడిసిన వాన, గడిచిన కాలం.

మొదటిది, మోసిన బరువు.

వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి పడింది 1874లో. ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. అంటే మన ఊళ్ల మీదుగా గూడ్సు బండ్లు తిరగడం మొదలై 150 ఏళ్లు దాటింది. ఒక్కో దారిలో ఒక్కో సరుకు. కాజీపేట వైపు నుంచి సింగరేణి బొగ్గు. తాండూరు వైపు నుంచి సిమెంటు, నాపరాయి. దూరాన విశాఖలో అయితే బైలడిలా కొండల నుంచి దిగివచ్చే ఇనుప ఖనిజం. ఈ సరుకులు వ్యాగన్ మీద వేసే గుర్తులు ఒకేలా ఉండవు.

బొగ్గు తేలిక సరుకు. బాక్స్‌ఎన్ వ్యాగన్‌లో అంచు దాకా నింపి, పైన కుప్ప పోస్తేగానీ బరువు సరిపోదు. కాబట్టి లోపలి గోడలు పైఅంచు దాకా నల్లబడతాయి. ఇనుప ఖనిజం బరువైనది. అదే వ్యాగన్‌లో సగం ఎత్తు దాటకముందే మోయగలిగినంత బరువు అయిపోతుంది. దాని ఎర్రపొడి మరక కింది భాగంలోనే చిక్కగా ఉంటుంది. లోపలంతా ఒకే గోధుమరంగు పూసి వదిలేసిన నమూనా ఏ సరుకూ మోయని నమూనా. దాన్ని ఎంత బాగా పూసినా అది పని చేయని వ్యాగనే.

ఇంకొకటి చూడండి. బొగ్గులో గంధకం ఉంటుంది. వాన నీటితో కలిస్తే అది ఇనుమును తినే ఆమ్లం అవుతుంది. అందుకే బొగ్గు వ్యాగన్ ముందుగా చెడేది నేల దగ్గర, పక్క రేకుల కింది అంచున. నీళ్లు నిలిచే చోటే తుప్పు పుడుతుంది. పైన నడిమధ్యన పెద్ద తుప్పు మచ్చ వేసి, కింది అంచు శుభ్రంగా వదిలేస్తే అది తలకిందులు చెప్పినట్టే. తర్వాత వచ్చిన కొన్ని రకాల వ్యాగన్లకు స్టెయిన్‌లెస్ స్టీల్ వాడింది ఈ తుప్పు బాధ తగ్గించడానికే. అలాంటి వ్యాగన్ నమూనాకు పాత వ్యాగన్ తుప్పంతా పూస్తే, ఆ మార్పు తెచ్చినవాళ్ల కష్టాన్ని చెరిపేసినట్టు.

చక్రాల దగ్గరా ఇదే లెక్క. పూర్వపు నాలుగు చక్రాల వ్యాగన్ల ఇరుసు పెట్టెల్లో నూనె పోసేవారు. ఆ నూనె కారి, దుమ్ము పట్టి, చుట్టూ నల్లగా జిడ్డు కట్టేది. బాక్స్‌ఎన్ లాంటి వాటికి రోలర్ బేరింగులు. వాటికి ఆ నూనె చారలు వేయకూడదు. బ్రేకు దిమ్మల నుంచి రాలే పొడి మాత్రం బోగీకి పడుతుంది. పట్టాన్ని తాకే చక్రపు అంచు ఎప్పుడూ తళతళలాడుతుంది, ఎందుకంటే ప్రతి మైలూ దాన్ని తోముతుంది. మురికి మధ్యన మెరిసే ఆ సన్నని వలయం ఒక్కటి సరిగా వేస్తే చాలు, బండి నడుస్తోందని చూసేవాళ్లకు అర్థమవుతుంది.

రెండవది, తడిసిన వాన.

ఈ కళను మన పిల్లలు ఎక్కువగా అమెరికావాళ్ల వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడంలో తప్పు లేదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ అనే ఆయన ఉండేవారు. నమూనాలు పాతబడినట్టు చూపించే పద్ధతికి పేరు తెచ్చిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు. అయితే వాళ్ల దేశపు మరక వాళ్ల వాతావరణానిది. మంచు కురిసే చోట పడే చారలు, అక్కడి కుర్రాళ్లు వ్యాగన్ల మీద గీసే రంగురంగుల రాతలు మన మౌలాలి యార్డులో కనిపించవు. మన దగ్గర కనిపించేది ఎర్రదుమ్ము, చాక్‌పీసు రాతలు, పాన్ మరకలు.

సికింద్రాబాద్ పీఠభూమి మీది ఊరు. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడి. నాలుగు నెలల వానాకాలం. కాబట్టి ఇక్కడ తుప్పు కన్నా దుమ్ము పాలు ఎక్కువ. విశాఖలాంటి సముద్రపు గాలిలో ఇనుము మరోలా తుప్పు పడుతుంది. వాన నీరు పైనుంచి కిందికే జారుతుంది, అందుకని కుంచె కూడా పైనుంచి కిందికే రావాలి. అడ్డంగా లాగిన ఒక్క గీత చాలు, మిగతా పనంతా అబద్ధమైపోవడానికి. మన వానలు ఎక్కువగా నైరుతి నుంచి వస్తాయి కాబట్టి కట్టడాల నమూనాల్లో పడమటి గోడకు పాచి, నలుపు కాస్త ఎక్కువ వేయాలి. ఇంటి వెనక గోడను చూసినా ఈ సంగతి తెలుస్తుంది.

పాత స్టేషన్ల మీద మంగళూరు పెంకులు గుర్తున్నాయా? 1860ల్లో బాసెల్ మిషన్‌వాళ్లు మంగళూరులో మొదలుపెట్టిన పెంకుల పని దక్షిణ దేశమంతా పాకింది. కొత్త పెంకు నారింజ ఎరుపు. రెండు మూడు వానాకాలాలు గడిస్తే పాచి పడుతుంది, ఎండాకాలంలో ఆ పాచి ఎండి నల్లబడుతుంది. విరిగిన చోట కొత్త పెంకు వేస్తే అది ఒక్కటీ ఎర్రగా మెరుస్తుంది. కప్పు మీద అలాంటి రెండు మూడు పెంకులు వేసి చూడండి, ఆ స్టేషన్‌ను ఎవరో కనిపెట్టుకుని ఉన్నారని తెలుస్తుంది. రేకుల షెడ్డుకైతే తుప్పు మేకు రంధ్రాల దగ్గర, రేకు మీద రేకు ఎక్కిన చోట మొదలవుతుంది. అక్కడి నుంచి కిందికి జారుతుంది.

నమూనా వెనక కొండ పెట్టాలనుకుంటే మౌలాలి గుట్టను చూడండి. మన గ్రానైటు రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఉల్లిపాయ పొరల్లా ఒలిచి, అంచులు అరిగి, గుండ్రంగా మిగిలాయి. భూగర్భ శాస్త్రంవాళ్లు కూడా ఆ అరుగుదలను వెదరింగ్ అనే అంటారు. థర్మకోల్ ముక్కను కత్తితో కోణాలు కోణాలుగా కోసి రాయి అంటే మన దేశం రాయి అవదు. శాండ్ పేపర్‌తో అంచులు అరగదీయండి.

మూడవది, గడిచిన కాలం.

మన వ్యాగన్ మీద 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు అది ఏ రకమో చెబుతాయి. తర్వాతి రెండు ఏ రైల్వేదో చెబుతాయి. అయిదవది, ఆరవది తయారైన సంవత్సరం. తర్వాతి నాలుగు దాని సొంత వరస నంబరు. చివరిది నంబరు సరిగా రాశారా లేదా అని సరిచూసుకునే అంకె. దీనికి తోడు పెద్ద మరమ్మతు, అంటే పీఓహెచ్, ఏ వర్క్‌షాపులో ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు జరగాలి అనేది కూడా పక్కన రాసి ఉంటుంది. రాయనపాడు వర్క్‌షాపు నుంచి బయటికి వచ్చిన రోజున పాత వ్యాగన్ కూడా కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది.

కాబట్టి నమూనా మీది నంబరు, మరక ఒకే మాట చెప్పాలి. పోయిన నెలలో పీఓహెచ్ అయినట్టు రాసి ఒళ్లంతా తుప్పు పూస్తే రెండు సాక్ష్యాలు పొసగవు. ఒక రేకులో 58 వ్యాగన్లు ఉంటే అన్నీ ఒకే వయసువి కావు. ఒకటి నిన్న రంగు వేసినది. ఒకటి సొట్టలు పడినది. ఒకటి పక్క రేకు ఉబ్బి బయటికి వచ్చినది. అన్నింటికీ ఒకే తుప్పు, ఒకే రోజు, ఒకే చేత్తో పూస్తే అది యూనిఫాం అవుతుంది. శుభ్రమైన వ్యాగన్ కూడా నిజమే అని మరవకండి.

కట్టడాలకూ ముందు సంవత్సరం నిర్ణయించుకోవాలి. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1990ల మధ్యకు ఆగిపోయాయి. అంతకుముందు దృశ్యమైతే వంతెన కమాను అడుగున చిక్కటి మసి ఉండాలి. ఇప్పటి దృశ్యమైతే ఆ మసి వెలిసిపోయి, దానిమీద సున్నం వేసి, ఆ పక్కనే విద్యుత్ తీగల స్తంభం నిలబడి ఉండాలి.

ఈ కాలం మాట చెప్పేటప్పుడు మా మనసు బరువెక్కే సంగతి ఒకటి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని, ఆ కమానులను, కొత్త స్టేషన్ కట్టడం కోసం 2025లో కూల్చివేశారు. ప్రయాణికులు పెరిగారు, వసతులు కావాలి. దాన్ని మేము కాదనడం లేదు. అమృత్ భారత్ పథకం కింద దేశమంతటా వందల స్టేషన్లు మారుతున్నాయి. చిన్న ఊళ్ల గూడ్సు షెడ్లు, పాత క్యాబిన్లు, నీళ్ల ట్యాంకులు చడీచప్పుడు లేకుండా పోతున్నాయి. వాటిని కొలిచి, ఫొటో తీసి, అట్టతోనైనా చేసి పెట్టినవాడు ఒక సాక్ష్యం నిలబెట్టినట్టు. అయితే సాక్ష్యం అన్నాక కల్పించకూడదు కదా. కట్టడం ఉన్నప్పుడు తప్పు మరక వేస్తే ఎవరైనా వెళ్లి చూసి దిద్దవచ్చు. కట్టడం పోయాక ఆ తప్పే మిగిలిపోతుంది.

ఇక మేము అసలు చెప్పదలచుకున్న మాట.

పైకప్పు ఉన్న బీసీఎన్ వ్యాగన్ నమూనా చేసేవాళ్లు తలుపు చుట్టూ తెల్లటి పొడి అద్దుతారు. అది సిమెంటు దుమ్ము. చాక్‌పీసు గీకి, మెత్తని కుంచెతో అద్దితే రెండు నిమిషాల పని. చాలా బాగుంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. 60 టన్నుల సిమెంటు ఎక్కిన వ్యాగన్ అంటే 50 కిలోల బస్తాలు 1,200. ఒక్కొక్కటీ ఒక మనిషి వీపు మీదో తల మీదో దిగింది. ఆ తెల్లపొడి తలుపు దగ్గరే ఎందుకు ఉంది? బస్తాను అక్కడే ఎత్తుకున్నారు కాబట్టి. అంచు దగ్గర రంగు ఎందుకు అరిగింది? బస్తాలు అక్కడే రాసుకున్నాయి కాబట్టి. చేతులు పట్టుకునే కడ్డీ ఎందుకు నునుపెక్కింది? వేల చేతులు పట్టుకున్నాయి కాబట్టి. వ్యాగన్ మీద పడిన పొడే వాళ్ల ఊపిరిలోకీ వెళ్లింది.

రైల్వేలో చెడిపోయిన వ్యాగన్‌ను సిక్ వ్యాగన్ అంటారు. దాన్ని రేకు నుంచి విడదీసి సిక్ లైనులో పెట్టి బాగుచేస్తారు. ఇనుప పెట్టెకు జబ్బు చేసిందని గుర్తించి, పేరుపెట్టి, పక్కన ఆపి, బాగుచేసి పంపే ఏర్పాటు ఉంది. బస్తా దించిన మనిషికి దగ్గు పట్టుకుంటే ఆపేవాళ్లు ఎంతమంది? వ్యాగన్ తుప్పును అందంగా చూసే కన్ను, దాన్ని నింపి ఖాళీ చేసిన ముసలాయన వంగిన నడుమును చూడకపోతే ఆ కన్ను సగమే తెరుచుకుంది.

అందుకని మేము ఒక పద్ధతి కోరుతున్నాం. నమూనా చేసే ప్రతివారూ, స్కూలు ప్రదర్శనలో పెట్టే పిల్లలైనా సరే, కుంచె పట్టకముందు ఆ పని చేసిన మనిషితో ఒక గంట కూర్చోవాలి. ఖలాసీ కావచ్చు, బండ్లు పరీక్షించే టీఎక్స్‌ఆర్ సిబ్బందిలో పనిచేసినవారు కావచ్చు, హమాలీ కావచ్చు. ఫొటో చూపించి, ఇది ఎందుకిలా అయింది తాతా అని అడగాలి. చాక్‌పీసుతో ఏం రాసేవారు, తలుపు ఎటు ఇరుక్కునేది, వానలో బస్తాలకు ఏం కప్పేవారు అని అడగాలి. ఆ తర్వాత నమూనా పక్కన ఒక చిన్న అట్టముక్క పెట్టాలి. ఏ సరుకు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరి చేతుల పని అని నాలుగు ముక్కలు రాయాలి. పుణెలోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం లాంటివి చూసి పిల్లలు ఎంత సంబరపడతారో మనకు తెలుసు. ఆ సంబరానికి ఈ నాలుగు ముక్కలు తోడైతే అది చదువు కూడా అవుతుంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇది సరదా, సరదాలో ఇంత లెక్క దేనికి అంటారు. పైగా కొలతే సరిగా కుదరని చోట మరక గురించి పట్టింపేమిటి అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ లెక్కన అది 19 మిల్లీమీటర్ల పైన రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే. మన వ్యాగన్ నమూనాలన్నీ ఇరుకు పట్టాల మీదే నడుస్తున్నాయి. అది డబ్బుతో, దొరకడంతో వచ్చిన రాజీ. మరక అలాంటిది కాదు. కాస్త నీళ్ల రంగు, బొగ్గుపొడి, ఇటుకపొడి, చాక్‌పీసు, మెరుపు లేని వార్నిష్ ఉంటే చాలు. నిజమైన మరకకూ అబద్ధపు మరకకూ ఖర్చు ఒక్కటే. తేడా అల్లా ముందు చూశామా లేదా అన్నదే. డబ్బు చేతకాని చోట రాజీపడ్డాం సరే, చూపు చాలే చోట ఎందుకు రాజీపడాలి?

ఎంత బాగా చేసినా నమూనా కూడా నిలవదు కదా అని ఇంకొకరు అంటారు. అదీ నిజమే. ఇందాక చెప్పిన జాన్ అలెన్ 1973 జనవరిలో చనిపోయారు. కొద్దిరోజులకే నిప్పంటుకుని ఆయన ఏళ్ల తరబడి కట్టిన రైలు నమూనాలో ఎక్కువ భాగం కాలిపోయింది. మిగిలింది ఆయన తీసిన ఫొటోలు, రాసిన వ్యాసాలు, ఆయన్ను చూసి నేర్చుకున్నవాళ్ల చేతులు. వస్తువు పోయినా చూసే పద్ధతి మిగిలింది. మన పిల్లలకు మనం ఇవ్వగలిగిందీ అదే.

యువకులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వ్యాగన్లను చూడటానికి పట్టాల మీదికి, యార్డుల్లోకి పోవద్దు. ప్లాట్‌ఫాం మీద నిలబడి, గేటు దగ్గర ఆగి, పాదచారుల వంతెన మీద నుంచి చూడండి. గూడ్సు బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి కళ్లు ఉన్నవాడికి అదే చాలు.

ఈ వారం మీ ఊరి గేటు దగ్గర గూడ్సు అడ్డం వచ్చినప్పుడు విసుక్కోకండి. ఒక్కొక్క వ్యాగన్‌నూ చూడండి. ఏది బొగ్గు మోసింది, ఏది సిమెంటు మోసింది, ఏది మొన్ననే వర్క్‌షాపు నుంచి వచ్చిందో పోల్చుకోండి. ఆ సాయంత్రం మీ వీధిలో రైల్వేలో చేసిన పెద్దాయన దగ్గరికి వెళ్లి, మీరు చూసింది ఆయనకు చెప్పండి. ఆయన దిద్దుతారు. దిద్దించుకోండి.

మీ చేతిపనికి దీవెన కలుగును గాక.